పాత రివాల్వరుకు మూడు వయసులు

రాయవేలూరు, అంటే వేలూరు, కోటలో 1806 జూలై 10న మద్రాసు సిపాయిలు తిరగబడినప్పుడు తెల్లవారకముందే పేలిన తుపాకుల్లో రివాల్వరు లేదు. ఉండే వీలు కూడా లేదు. లండనులో ఎలీషా కొలియర్ చెకుముకి రాయితో పేలే రివాల్వరుకు పేటెంటు తీసుకున్నది 1818లో. శామ్యూల్ కోల్ట్ అమెరికాలో తన రివాల్వరుకు పేటెంటు పుచ్చుకున్నది 1836లో. ఆనాటి మద్రాసు సిపాయిలు పట్టినవి గొట్టం మూతిలోంచి మందూ గుండూ దట్టించి, రాయి రాపిడి నిప్పురవ్వతో పేల్చే తుపాకులు. కాబట్టి ఎవరైనా ఒక రివాల్వరు చూపించి అది వేలూరు తిరుగుబాటు నాటిదంటే, వస్తువును చేతిలోకి తీసుకోకుండానే కాదని చెప్పవచ్చు. అదే ఒక చెకుముకి తుపాకిని చూపించి 1806 నాటిదంటే ఆ మాటను అంత తేలిగ్గా తోసేయలేం, వెంటనే ఒప్పుకోనూ లేం. అప్పుడు చూడాల్సింది ట్రిగ్గరుకు కాస్త పైన, పక్కగా ఉండే ఇనుప పలకను. ఈస్టిండియా కంపెనీ తన తుపాకుల మీద 1808 ప్రాంతం వరకు కంపెనీ అక్షరాలను గదుల్లో పొదిగిన హృదయాకారపు ముద్ర కొట్టించేది. తరవాత దాని స్థానంలో వెనక కాళ్ళ మీద నిలబడిన సింహం వచ్చింది. సింహం ఉన్న పలక 1806 జూలైలో వేలూరు కోటలో ఉండి ఉండదు. హృదయం ఉన్న పలక ఉండి ఉండవచ్చు, అంతవరకే. పాత ఆయుధాల వయసు తేల్చే విద్య అంతా ఈ తేడా మీదే నడుస్తుంది. తప్పుడు కథను కొట్టేయడానికి ఒక్క గుర్తు చాలు. నిజమైన కథను నిలబెట్టాలంటే మాత్రం ఒకదానితో ఒకటి పొత్తులేని గుర్తులు కొన్ని కలిసిరావాలి.

రివాల్వరు విషయంలో ఈ పని మరింత చిక్కు. దానికి ఒక వయసు కాదు, మూడు వయసులు ఉంటాయి. ఆ నమూనా ఎప్పుడు రూపుదిద్దుకుంది అన్నది మొదటిది. మన ముందున్న వస్తువు ఏ సంవత్సరం కార్ఖానా దాటింది అన్నది రెండోది. అది ఈ ఊరికి, ఈ ఇంటికి ఎప్పుడు వచ్చింది అన్నది మూడోది. ఈ మూడింటి మధ్య యాభై అరవై ఏళ్ళ ఎడం ఉండటం మామూలే. పాత రివాల్వర్ల గురించి వినిపించే పొరపాటు మాటల్లో చాలావరకు ఈ మూడింటినీ ఒకటిగా కలిపేయడం వల్ల పుట్టినవే. మొదటి వయసు యంత్రం నిర్మాణంలో కనిపిస్తుంది. రెండోది ముద్రల్లో, అంకెల్లో ఉంటుంది. మూడోదాన్ని ఇనుము పూర్తిగా చెప్పదు, కాగితాల్లో వెతకాలి. ఏ ప్రశ్నకు ఏ సాక్ష్యం చెల్లుతుందో విడదీసి చూడటమే గుర్తింపు శాస్త్రంలో అసలు పని అని నా వాదన.

ఈ వాదనను పరీక్షించడానికి వేలూరు, గుడియాత్తం ప్రాంతం చక్కగా సరిపోతుంది. చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం, వేలూరు అన్నీ 1911 దాకా ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. పలమనేరు కొండల నుంచి దిగే కౌండిన్య నది గుడియాత్తం మీదుగా పాలారులో కలుస్తుంది. తెలుగూ తమిళమూ కూడా ఆ నది లాగే అటూ ఇటూ పారిన నేల ఇది. చుట్టూ పుంగనూరు, కంగుంది, కార్వేటినగరం లాంటి జమీందారీలు. వేలూరు కోటలో తరాల తరబడి సైన్యం దండు, ఆ తరవాత అదే కోటలో తెలుగు, తమిళ జిల్లాల పోలీసులు చదువుకున్న శిక్షణ పాఠశాల. అంటే ఇటువైపు రివాల్వరు రావడానికి మూడు దారులు ఉండేవి. సైన్యం దారి ఒకటి, పోలీసు దారి ఒకటి, డబ్బున్నవాళ్ళు మద్రాసు మౌంట్‌రోడ్డు దుకాణాల్లో కొనుక్కున్న దారి మరొకటి. ఒక్కో దారిలో వచ్చిన వస్తువు మీద ఒక్కో రకం ముద్రలు పడ్డాయి. ప్రభుత్వపు ఆస్తి అయితే బ్రిటిష్ వారి వెడల్పాటి బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణంతో పాటు 'ఐ' అక్షరం ఉంటే భారత ప్రభుత్వపు సొత్తు. రెండు బాణాలు మొనకు మొన తాకించి కొడితే, ప్రభుత్వం దాన్ని వదిలించుకుని అమ్మేసిందని అర్థం. దుకాణంలో కొన్న వస్తువు మీద ఈ బాణాలేవీ ఉండవు, దుకాణదారు పేరు మాత్రం ఉండవచ్చు. మద్రాసులో గడియారాలకు పేరుపడ్డ పి. ఆర్ అండ్ సన్స్ పేరు చెక్కిన తుపాకులు ఉన్నాయి. ఆ పేరు చూసి తుపాకి మద్రాసులో తయారైందనుకుంటే దారి తప్పినట్టే. అది అమ్మినవారి పేరు, చేసినవారి పేరు మరోచోట, చాలాసార్లు ఇంకా చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మొదటి వయసుతో మొదలుపెడదాం. రివాల్వరు యంత్రం దశలవారీగా మారింది, ప్రతి మార్పుకూ ఒక చారిత్రక కారణం ఉంది. తొలినాటి కోల్ట్, ఆ తరవాత 1851లో లండను మహాప్రదర్శనకు వచ్చిన రాబర్ట్ ఆడమ్స్ రివాల్వరు, రెండింటిలోనూ సిలిండరు వెనక భాగం మూసి ఉంటుంది. ఒక్కో గదిలో ముందువైపు నుంచి మందూ గుండూ నింపి, వెనక ఉన్న చిన్న ముక్కు మీద రాగి టోపీ తొడగాలి. సిలిండరును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తొలిచి, లోహపు తూటాను వెనక నుంచి పెట్టే పద్ధతికి రోలిన్ వైట్ 1855లో అమెరికా పేటెంటు పొందాడు. దాన్ని స్మిత్ అండ్ వెసన్ సంస్థ తన చేతిలో పెట్టుకుని 1857 నుంచి తూటా రివాల్వర్లు చేసింది. 1869లో ఆ పేటెంటు తీరిపోయే దాకా అమెరికాలో మిగతావారి చేతులు కట్టేసినట్టయింది. తరవాత వచ్చిన పెద్ద మార్పు, గొట్టాన్ని ముందుకు మడిచి పేలిన తూటా గుల్లలన్నిటినీ ఒకేసారి బయటికి తోసే నిర్మాణం. స్మిత్ అండ్ వెసన్ 1870లో తెచ్చిన ఈ పద్ధతినే బ్రిటిష్ వెబ్లీలు దశాబ్దాల పాటు నడిపాయి. సిలిండరు పక్కకు ఊగి తెరుచుకునే పద్ధతి కోల్ట్‌లో 1889లో, స్మిత్ అండ్ వెసన్‌లో 1896లో మొదలైంది. కాబట్టి పక్కకు తెరుచుకునే రివాల్వరును చూపించి సిపాయిల తిరుగుబాటు 1857 కాలం నాటిదంటే ఆ మాట నిలవదు. అయితే ఈ నిచ్చెన కింది హద్దును మాత్రమే చూపుతుంది. కొత్త పద్ధతి వచ్చిందని పాతది మరునాడే ఆగిపోదు. 1873లో పుట్టిన కోల్ట్ సింగిల్ యాక్షన్ రివాల్వరును రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే దాకా ఆ సంస్థ చేస్తూనే వచ్చింది. నిర్మాణం చెప్పేది 'దీనికన్నా ముందు కాదు' అన్న మాట. 'దీనికన్నా తరవాత కాదు' అని అది ఎప్పుడూ చెప్పదు.

ఇక్కడే మనుషుల్ని ఎక్కువగా మోసం చేసే గుర్తు వస్తుంది, లోహం మీద స్పష్టంగా కనిపించే సంవత్సరం. పైన చెప్పిన 1873 కోల్ట్ చట్రం పక్కన 1871, 1872, 1875 తేదీలు కొట్టి ఉంటాయి. అవి పేటెంట్ల తేదీలు. వాటికి నలభై ఏళ్ళ తరవాత తయారైన వస్తువు మీద కూడా అవే తేదీలు ఉండగలవు. రెండో ప్రపంచ యుద్ధంలో స్మిత్ అండ్ వెసన్ నుంచి బ్రిటన్‌కూ, ఆ సామ్రాజ్యపు దేశాలకూ ఐదు లక్షలకు పైగా .38 రివాల్వర్లు వచ్చాయి. వాటి గొట్టం మీద 1906, 1909, 1914 పేటెంటు తేదీలు చదువుకోవచ్చు. ఆ 1906ను చూసి బెంగాల్ విభజన కాలం నాటిదనుకుంటే ముప్పై ఏళ్ళకు పైగా తప్పుతాం. సీరియల్ నంబరుకు ముందు 'వి' అక్షరం ఉంటే అది 1942 ఏప్రిల్‌కు ముందుది కానే కాదు. నంబర్లు పది లక్షలకు చేరాక ఆ సంస్థ 'వి'తో కొత్త వరస మొదలుపెట్టింది. అలాగని సంవత్సరం అంకెలన్నీ అబద్ధమనీ కాదు. వెబ్లీ ఆరో మార్కు చట్రం మీద కొట్టిన 1916, 1917 లాంటివి తయారీ సంవత్సరాలే. అంకె చూడగానే నమ్మడం, చూడగానే కొట్టేయడం రెండూ తొందరపాటే. ఆ అంకె ఏ సంస్థ అలవాటు ప్రకారం, ఏ మాటల పక్కన, ఎందుకు పడిందో తెలుసుకున్నాకే దానికి విలువ కట్టాలి.

వెబ్లీ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. మన దేశంలో బ్రిటిష్ కాలపు రివాల్వరు అనగానే ముందు గుర్తొచ్చే పేరు అదే. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఈ సంస్థ సైనిక రివాల్వర్లను వరసగా ఆరు మార్కుల్లో ఇచ్చింది. మొదటి మార్కు 1887లో, రెండోది 1894లో, మూడోది 1897లో, నాలుగోది 1899లో, ఐదోది 1913లో, ఆరోది 1915లో సైన్యంలోకి వచ్చాయి. మొదటి ఐదింటి పిడి కింది భాగం పక్షి ముక్కులా వంపు తిరిగి ఉంటుంది. ఆరోదాని పిడి నలుచదరంగా, నిలువుగా ఉంటుంది, గొట్టం మామూలుగా ఆరంగుళాలు. దూరం నుంచి చూసినా తెలిసే తేడా ఇది. దీనికి తోడు సంస్థ పేరే ఒక గడియారం. 1897కు ముందు అది పి. వెబ్లీ అండ్ సన్. ఆ సంవత్సరం మరికొన్ని సంస్థలతో కలిసి వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్ అండ్ ఆర్మ్స్ కంపెనీ అయింది. 1906 నుంచి వట్టి వెబ్లీ అండ్ స్కాట్ లిమిటెడ్. ఆరో మార్కును 1921 నుంచి 1926 దాకా ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కార్ఖానా కూడా చేసింది, వాటి మీద వెబ్లీ పేరు బదులు ఎన్‌ఫీల్డ్ అని ఉంటుంది. 1932లో .455 బోరు వెబ్లీ స్థానంలోకి తేలికైన .38 ఎన్‌ఫీల్డ్ రెండో నంబరు వచ్చింది. దాని హ్యామరు మీద బొటనవేలు ఆనించే కొమ్ము తీసేసిన రూపం 1938 నాటిది. ఇప్పుడు గుడియాత్తంలో ఒక ఇంట్లో ముత్తాత తెచ్చాడని చెప్పే రివాల్వరు ఉందనుకుందాం. ముత్తాత 1890లలో ఉద్యోగం చేశాడని ఇంట్లోవాళ్ళ నమ్మకం. వస్తువు గొట్టం మడిచే సైనిక వెబ్లీ, .455 బోరు, పిడి నలుచదరం. ఇంకేమీ చూడకముందే 1915 అనే హద్దు పడిపోయింది. చట్రం మీద 1917 అని ఉంటే రెండో వయసు తేలింది. మొనకు మొన తాకే బాణాలు కూడా ఉంటే ప్రభుత్వం వదిలించుకున్నాకే ఇంటికి చేరింది. ముత్తాత కథ పూర్తిగా పోలేదు. ఆయనకు వేరే ఆయుధం ఉండి ఉండవచ్చు, ఇది తాత కొన్నది కావచ్చు. పోయింది ఈ వస్తువుకూ ఆయన ఉద్యోగానికీ మధ్య ఉన్న ముడి మాత్రమే.

తుపాకి పుట్టిన ఊరి పరీక్షాలయం వేసే ముద్రలు ఈ లెక్కను మరింత బిగిస్తాయి. ఎక్కువ మందు దట్టించి పేల్చి, గొట్టం తట్టుకుందని తేలాకే అమ్మకానికి వదలాలన్నది ఇంగ్లండు చట్టం. బర్మింగ్‌హామ్ పరీక్షాలయం 1813లో చట్టప్రకారం ఏర్పడింది. 1904 దాకా అడ్డంగా పెట్టిన రాజదండాల ముద్రలు, ఆ తరవాత కిరీటం కింద బి.వి., బి.పి., ఎన్.పి. అక్షరాలు, 1954 తరవాత కిరీటం కింద బి.ఎన్.పి. బెల్జియంలోని లియేజ్‌లో కోడిగుడ్డు ఆకారంలో ఇ.ఎల్.జి. అక్షరాలు ఉంటాయి. ఆ గుడ్డు పైన కిరీటం ఉంటే 1893కు ఇవతలిది, లేకపోతే అవతలిది. తనిఖీదారు అక్షరం మీద కిరీటం 1853 నుంచి 1877 దాకా, నక్షత్రం 1877 నుంచి. ఇంత చిన్న గీతలకు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, వీటిని వేసినవాడు తుపాకి చేసినవాడూ కాదు, అమ్మినవాడూ కాదు. సొంతదారుడి కథతో వాడికి ఏ సంబంధమూ లేదు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. సైన్యం కోసం చేసినవి ప్రభుత్వ పరీక్షతోనే వెళ్ళిపోయేవి. వాటిని తరవాత బయట అమ్మేటప్పుడు పౌర పరీక్షాలయం ముద్ర కొత్తగా పడేది. అందువల్ల 1917 అని రాసి ఉన్న వెబ్లీ మీద బి.ఎన్.పి. కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. 1917 పుట్టిన సంవత్సరం, బి.ఎన్.పి. 1954 తరవాత చేయి మారినప్పటి గుర్తు. మొదట్లో చెప్పిన మూడు వయసుల్లో రెండు ఒకే రివాల్వరు మీద పక్కపక్కనే కూర్చున్నాయన్నమాట.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. పాత రివాల్వర్లు మరమ్మతులకు వెళ్ళిన వస్తువులు. గొట్టం మారి ఉండవచ్చు, సిలిండరు మారి ఉండవచ్చు, పిడి చెక్కలు తప్పకుండా మారి ఉంటాయి. వెబ్లీ మొదటి మార్కును రెండో మార్కుకు తగ్గట్టు మార్చి, మార్కు పక్కన నక్షత్రం గుర్తు కొట్టడం కూడా జరిగింది. అలాంటప్పుడు ఒక భాగం మీది ముద్ర మొత్తం వస్తువు వయసు ఎలా చెబుతుంది? చెప్పదు, ఆ భాగం వయసే చెబుతుంది. ఈ అభ్యంతరం పద్ధతిని కూలదోయకపోగా దానికి క్రమశిక్షణ నేర్పుతుంది. వెబ్లీ ఆరో మార్కులో ఒకే నంబరును చట్రం మీద, గొట్టం మీద, సిలిండరు మీద కొట్టేవారు. మూడూ కలిస్తే మూడూ కలిసి పుట్టినవి. కలవకపోతే చట్రం నంబరే వస్తువు నంబరు, మిగతావి వచ్చి చేరినవి. కొత్త భాగం మొత్తం వస్తువు ఇప్పటి రూపానికి కింది హద్దు చూపిస్తుంది, పాత భాగం ఆ భాగానికి మాత్రమే సాక్షి. పిడి చెక్కల స్థానంలో బేకలైటు బిళ్ళలు ఉంటే, ఆ పదార్థం 1907లో లియో బేక్‌లండ్ కనుక్కున్నది కనుక, బిళ్ళలు అంతకు ముందువి కావు. చట్రం మాత్రం 1890ల నాటిదే కావచ్చు.

నకళ్ళు ఇంకా పెద్ద చిక్కు. బెల్జియం, స్పెయిన్ దుకాణాలు బ్రిటిష్, అమెరికన్ నమూనాలను యథేచ్ఛగా అనుకరించాయి. స్పెయిన్‌లోని ఐబార్ పట్టణపు సంస్థలు స్మిత్ అండ్ వెసన్ పోలికతో చేసిన .455 రివాల్వర్లను 1915లో బ్రిటిష్ సైన్యమే కొనుక్కుంది. పెషావరు దాటితే వచ్చే దర్రా ఆదమ్ ఖేల్ కమ్మరులు వెబ్లీని చేతితో చేసి, ముద్రలను కూడా చేతితో చెక్కారు. ఆంగ్లం చదవలేని చెయ్యి చెక్కింది కనుక అక్షరాలు తిరగబడతాయి, స్పెల్లింగులు తప్పుతాయి. పేరు ఒక్కటే చూసేవాడు వీటి దగ్గర పడిపోతాడు. వెబ్లీ అన్న పేరుతోనే 2020 నుంచి ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లాలో కొత్త .32 రివాల్వర్లు తయారవుతున్నాయన్నది కూడా మరిచిపోకూడదు. అందుకే గొట్టం లోపలి గాడులను చూస్తారు. గుండు గిరగిరా తిరుగుతూ పోవడానికి వేసే ఆ మెలికల సంఖ్యా దిశా ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటాయి. కోల్ట్‌కు ఆరు గాడులు, ఎడమవైపు మెలిక. స్మిత్ అండ్ వెసన్‌కు ఐదు, కుడివైపు. .455 వెబ్లీకి ఏడు, కుడివైపు. బయటి పేరును చెక్కడం ఎవరికైనా సాధ్యమే. లోపలి మెలికను కార్ఖానా యంత్రం లేకుండా సరిగ్గా దించడం కష్టం.

ఇన్ని తిప్పలు ఎందుకు, ప్రయోగశాలకు పంపితే యంత్రం వయసు చెప్పేయదా అని అడిగేవారు ఉంటారు. ఈ నమ్మకం విస్తారంగా ఉంది కానీ సరైనది కాదు. కార్బన్ పరీక్ష ఒకప్పుడు జీవం ఉన్న పదార్థానికి పనికొస్తుంది, అంటే పిడి చెక్కకు. అయితే సుమారు 1650 నుంచి 1950 వరకు వాతావరణంలోని రేడియోకార్బన్ ఒడుదొడుకుల వల్ల ఆ మూడు వందల ఏళ్ళలో ఏ దశాబ్దపు చెక్క అయినా దాదాపు ఒకే ఫలితం ఇస్తుంది. రివాల్వరు చరిత్రలో ముఖ్యమైన భాగమంతా ఆ మూడు వందల ఏళ్ళలోనే ఉంది. పైగా ఆ పరీక్ష చెప్పేది చెట్టు వయసు, పిడి చెక్కినప్పటి వయసు కాదు. ఎక్స్-కిరణాలతో లోహపు మిశ్రమాన్ని కొలవవచ్చు, అది ఉక్కు రకాన్ని చెబుతుంది కానీ సంవత్సరాన్ని చెప్పదు. ప్రయోగశాల బాగా ఉపయోగపడేది ఒక అనుమానాన్ని తీర్చాల్సి వచ్చినప్పుడు. దానికి ఈ ప్రాంతానికే చెందిన ఉదాహరణ తోలు ఒర. పేర్ణంబట్టు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోళ్ళ పరిశ్రమకు పేరుపడ్డ ఊళ్ళు. పాత పద్ధతిలో ఇక్కడ తోలును తంగేడు చెక్కతో ఊనేవారు. క్రోమియం లవణాలతో ఊనే పద్ధతికి అమెరికాలో అగస్టస్ షుల్జ్ పేటెంటు పొందింది 1884లో, మద్రాసులో దాన్ని ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ప్రయత్నించింది 20వ శతాబ్దం మొదట్లో. ఒరలో క్రోమియం కనిపిస్తే అది 1870ల నాటిది కాదని యంత్రం క్షణాల్లో చెబుతుంది. ఒర కొత్తదైనంత మాత్రాన లోపలిది కొత్తదని కాదు. క్రోమియం లేనంత మాత్రాన ఒర పాతదనీ కాదు, తంగేడు చెక్కతో ఊనడం తరవాత కూడా నడిచింది.

తుప్పు గురించి కూడా ఒక మాట చెప్పాలి. గొట్టం లోపల గుంటలు పడి, ఎర్రగా తుప్పు పట్టిన రివాల్వరును చూస్తే వందేళ్ళు దాటిందనిపిస్తుంది. ఈ అంచనా ఎంత తప్పో గుడియాత్తం అగ్గిపెట్టెల పరిశ్రమకు ముడిసరుకైన పొటాషియం క్లోరేట్ చెబుతుంది. అగ్గిపుల్ల తలలో మంటకు ఆక్సిజన్ అందించే ఆ లవణమే పాతకాలపు తూటాల అడుగున ఉండే పేలుడు టోపీలో కూడా ఉండేది. పేలినప్పుడు అది పొటాషియం క్లోరైడుగా మారి గొట్టం లోపల సన్నని పొరగా పేరుకుంటుంది. ఈ లవణం గాలిలోని తేమను లాగేస్తుంది, తేమా లవణమూ కలిసి ఉక్కును తినేస్తాయి. పేల్చిన తరవాత నీళ్ళతో కడగకుండా నూనె మాత్రం రాసి దాచిన గొట్టం ఒక్క వర్షాకాలంలోనే గుంటలు పడుతుంది. అంటే 1943లో చేసిన రివాల్వరు 1880ల దానికన్నా ముసలిదిగా కనిపించవచ్చు. శ్రద్ధగా తుడుచుకున్న 1887 వెబ్లీ నిన్న కొన్నట్టు మెరవవచ్చు. తుప్పు కొలిచేది నిర్లక్ష్యాన్ని, కాలాన్ని కాదు. ఇంట్లో కొందరు పాతదనం కోసం ఆ తుప్పును అలాగే ఉంచుతారు, మరికొందరు ఉప్పుకాగితంతో రుద్దేస్తారు. రుద్దడం వల్ల జరిగే నష్టం చాలా ఎక్కువ. తుప్పుతో పాటు పరీక్షాలయం ముద్రలూ బాణాలూ నంబర్లూ పోతాయి, అంటే వయసు చెప్పగలిగిన సాక్షులన్నీ పోతాయి.

అలా పోయిన నంబరును కొంతవరకు తిరిగి రప్పించవచ్చు. అచ్చు దెబ్బ పడినప్పుడు అక్షరం కింద ఉన్న లోహపు స్ఫటికాలు కూడా నలిగి, వాటి అమరిక చెదురుతుంది. పైపొరను ఆకురాయితో అరగదీసినా ఆ నలుగుడు లోపల మిగిలి ఉంటుంది. నలిగిన లోహం, నలగని లోహం ఆమ్లంలో వేర్వేరు వేగాలతో కరుగుతాయి. ఫోరెన్సిక్ నిపుణులు తగిన ద్రావణంతో తుడిచినప్పుడు మాయమైన అంకె నీడలా పైకి తేలేది అందువల్లే. నంబరుకు ఇంత విలువ ఎందుకో మన దేశపు రెండు సంఘటనలు చూపిస్తాయి. 1914 ఆగస్టు 26న కలకత్తాలో ఆయుధాల వ్యాపారం చేసే రోడా సంస్థ సరుకులోంచి విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్ళను, 46,000 తూటాలను తరలించుకుపోయారు. ప్రతి పిస్తోలు నంబరూ సంస్థ దగ్గర రాసి ఉంది. తరవాతి ఏళ్ళలో బెంగాల్‌లో దొరికిన ఒక్కొక్క మౌజరును ఆ జాబితాతో పోల్చగలిగారు. రెండోది 1928 డిసెంబరు 17న లాహోరులో పోలీసు అధికారి సాండర్స్ మీద భగత్‌సింగ్ పేల్చిన .32 కోల్ట్ పిస్తోలు. అది ఇందోరులోని సరిహద్దు భద్రతా దళం ఆయుధ ప్రదర్శనశాలలో, రంగు పూసి, ఎవరిదో తెలియకుండా ఉండిపోయింది. 2016లో రంగు గీకి చూస్తే 168896 అనే నంబరు బయటపడింది, అది కేసు రికార్డుల్లోని నంబరుతో సరిపోయింది. ఈ రెండూ రివాల్వర్లు కావు, తమంతట తామే మళ్ళీ నిండే పిస్తోళ్ళు. సూత్రం మాత్రం అదే. ఆ కోల్ట్ నమూనా పిస్తోళ్ళు లక్షల్లో ఉన్నాయి, వాటిలో ఏది ఎవరి చేతిలో పేలిందో నమూనా చెప్పలేదు, నంబరూ కాగితమూ కలిసి చెప్పాయి.

కుటుంబాల జ్ఞాపకాన్ని ఇంతగా పక్కన పెట్టడం అన్యాయం కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. రాతలు లేని చోట నోటి మాటే చరిత్రను మోసింది, దాన్ని చులకన చేయడం నాకు ఇష్టం లేదు. కానీ జ్ఞాపకం ఏ విషయాన్ని బాగా నిలుపుతుందో, ఏ విషయాన్ని జారవిడుస్తుందో చూడాలి. ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఎందుకు ఇచ్చారు, ఎవరు దాచారు అన్నవి ఇంట్లో నిలుస్తాయి. ఏ సంవత్సరం అన్నది జారిపోతుంది, జారినప్పుడల్లా వెనక్కే జారుతుంది, పాతదైతే గౌరవం ఎక్కువ కనుక. అందువల్ల ఇంటి కథను మూడో వయసుకు, అంటే చేతులు మారిన క్రమానికి, సాక్షిగా తీసుకోవాలి. మొదటి రెండు వయసులకు కాదు.

ఆ మూడో వయసుకు ఇంటి కథతో పాటు లైసెన్సు కాగితం కూడా ఉంటే ఈ ప్రాంతంలో దాని తలకట్టే కాలం చెబుతుంది. జిల్లా కేంద్రం చిత్తూరుగా ఉన్న ఉత్తర ఆర్కాటు కాగితం 1911కు ముందుది, ఆ సంవత్సరం చిత్తూరు జిల్లా విడిపోయాక కేంద్రం వేలూరుకు మారింది. ఉత్తర ఆర్కాటు అంబేద్కర్ జిల్లా అని ఉంటే 1989 తరవాతిది, వేలూరు జిల్లా అని ఉంటే 1990ల రెండో సగానికి ఇవతలిది. 2019లో రాణిపేట, తిరుపత్తూరు విడిపోయినా గుడియాత్తం వేలూరులోనే ఉండిపోయింది. కాగితం మీద నంబరు రాసి ఉండి, అది చట్రం మీది నంబరుతో కలిస్తే మూడు వయసులూ ఒకే వస్తువు దగ్గర కలుసుకుంటాయి.

వయసు తేల్చడం వల్ల చట్టం ముందు కూడా తేడా వస్తుంది. 1959 ఆయుధాల చట్టం 45(సి) సెక్షను కాలం చెల్లిన నమూనాలకు, పురావస్తు విలువ ఉన్నవాటికి, పాడైపోయినవాటికి మినహాయింపు ఇస్తుంది, అయితే బాగుచేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాకుండా ఉంటేనే. అంటే వందేళ్ళు దాటడం ఒక్కటే సరిపోదు. 1887 వెబ్లీ ఇప్పటికీ తూటా పేల్చగలదు, దానికి లైసెన్సు కావాలి. 1972 పురావస్తువుల చట్టం మాత్రం వందేళ్ళను గీతగా పెట్టుకుంది, ఆ గీత దాటినదాన్ని దేశం బయటికి పంపకూడదు. 1917 ఆరో మార్కు ఆ గీత దాటింది, 1932 నమూనా ఎన్‌ఫీల్డ్ ఇంకా దాటలేదు. అటకమీద పాత రివాల్వరు దొరికినవారు ఈ పరీక్షలేవీ సొంతంగా చేయకూడదు. గదుల్లో తూటా ఉందో లేదో బయటి నుంచి నమ్మకంగా తెలియదు, ఎనభై ఏళ్ళ నాటి తూటా కూడా పేలగలదు. తెరవకుండా, రుద్దకుండా, గొట్టం ఎవరివైపూ తిప్పకుండా అక్కడే ఉంచి దగ్గరి పోలీసు స్టేషనుకు తెలియజేయాలి. ఆ వస్తువుతో పాటు ట్రంకుపెట్టెలో ఉన్న లైసెన్సు పుస్తకం, కొన్న రసీదు, ఒర, పాత తూటాల అట్టపెట్టె, దేన్నీ పారేయకూడదు. ఇంట్లో కాగితం దొరకకపోతే ఈ నేల పాత రికార్డుల కోసం రెండు రాష్ట్రాల్లో వెతకాలి. వేలూరు, చిత్తూరు కలెక్టరు కార్యాలయాలు, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రాచీన పత్రాల భాండాగారం, మూడు చోట్లా అడగాలి. వెళ్ళేటప్పుడు చేతిలో ఉండాల్సింది చట్రం మీది నంబరు. నిపుణుడు వస్తువును పరిశీలించిన రోజునే ఆ నంబరును, దాని చుట్టూ ఉన్న ప్రతి చిన్న ముద్రతో సహా, ఫొటో తీయించి పెట్టుకోవాలి.